గళ్ళ మాసిక

కొండపల్లిలో బొమ్మలు చేసే బలరామరాజుగారికి ఒక అలవాటుండేది. శిష్యులు ఏమడిగినా జవాబు చెప్పేవారు కాదు, అడిగినవాళ్ళని ఏదో ఒక పనిమీద పంపేవారు. ఓర్పు ఎలా వస్తుందండీ అని ఒకడు అడిగితే, చింతగింజలు నానబెట్టి, పొట్టు ఒలిచి, మెత్తగా నూరి తెమ్మన్నారు. గర్వం ఎలా పోతుందండీ అని ఇంకొకడు అడిగితే, పక్కింటివాళ్ళ నిచ్చెన వాళ్ళకి ఇచ్చి రమ్మన్నారు. అది అరువు తెచ్చి నాలుగేళ్ళయిందట. ఆ ఇంటావిడ వీధిలో నిలబెట్టి మరీ తలంటి పంపింది. పాపం, అతనికి గర్వం పోయిందో లేదో గానీ, ఆ వీధిన నడవడం మాత్రం మానేశాడు. ఇదంతా చూసి, ఆ పనిపాకలో ప్రశ్న అడగదలిచినవాళ్ళు ముందు తమ చెప్పులు ఎక్కడున్నాయో చూసుకోవడం నేర్చుకున్నారు.

వకుళ మాత్రం చెప్పులు చూసుకోకుండానే అడిగేసింది.

"గురువుగారూ, బొమ్మ పూర్తయిందని ఎప్పుడు తెలుస్తుందండీ?"

ఆవిడ అడగడానికి కారణం ఉంది. వకుళకి ముప్పై ఆరేళ్ళు. విజయవాడలో ఒక ఇంజనీర్ల ఆఫీసులో పదకొండేళ్ళు డ్రాయింగులు గీసి గీసి, ఒకనాడు ఆ ఉద్యోగానికో దణ్ణం పెట్టి, బొమ్మల పని నేర్చుకుంటానని కొండపల్లి వచ్చేసింది. ఇంట్లోవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. రెండేళ్ళపాటు ఏనుగులకి అంబారీలు, తాటిచెట్లకి మట్టలు అతికించాక, ఈ ఏడాది రాజుగారు "నీ సొంతంగా ఒకటి చెయ్యమ్మా" అన్నారు. ఆ పాకలో సొంత బొమ్మంటే మాటలు కాదు. అది గురువుగారికి నచ్చితే చేసినవాళ్ళ పేరుమీదే హస్తకళల ప్రదర్శనకి వెళుతుంది. ఆ రోజు నుంచి వాళ్ళు శిష్యులు కారు, మేస్త్రీలు. నచ్చినప్పుడు ఆయన పొగడ్తలేమీ కురిపించరు. "పెట్టెకి మూత వెయ్యి" అంటారు, అంతే. ఆ ఒక్క మాట కోసం వకుళ మూడు నెలలుగా తిండీ నిద్రా మరిచి కూర్చుంది.

అందరూ ఏ దశావతారాలో చేస్తుందనుకుంటే, ఆవిడ విమానం చేస్తానంది. అదీ ఇప్పటి విమానం కాదు. పైన ఒక రెక్క, కింద ఒక రెక్క, మధ్యలో కర్రలూ తీగలూ, మూతిమీద చెక్క పంకా ఉండే పాతకాలపు రెండు రెక్కల విమానం. దానికి ఫ్యాక్టరీవాళ్ళ అసలు డ్రాయింగులు సంపాదించింది. ఎప్పుడో మూతబడ్డ ఒక ఫ్లయింగ్ క్లబ్బులో, అలాంటి విమానం ముందు జనం నిలబడి తీయించుకున్న పాత ఫోటో కూడా ఎక్కడో పట్టుకొచ్చింది. ఇంకేం కావాలి! అడుగుకి అంగుళం లెక్కన, తెల్లపొణికి కర్రతో ఒళ్ళు చెక్కింది. వెదురు పుల్లలతో రెక్కలు కట్టి, పల్చటి మల్లుగుడ్డ లాగి బిగించి, గంజి పట్టించి, వెండిరంగు పూసింది. ఒక్క రెక్కలకే తొమ్మిది రోజులు పట్టింది. తీగలకి బదులు పట్టుదారాలు లాగింది. ఒకటి బిగిస్తే ఇంకొకటి వదులవుతుంది కాబట్టి, నులకమంచం బిగించినట్టు చుట్టూ తిరిగి తిరిగి బిగించుకోవాలి. పైలట్ కూర్చునే గుంటలో మీటర్లు గీసింది. ఒక్కోటి పెసరగింజంత, వాటిలో ముళ్ళు కూడానూ.

ఇబ్బందల్లా ఫోటోలో ఒక్కచోటే వచ్చింది. పెద్దమనుషులంతా దండలేసుకుని విమానం మూతి దగ్గర గుమిగూడి ఉంటే, ఒక బక్కమనిషి మాత్రం దూరంగా పోయి, ఎడమవైపు కింది రెక్కకి సరిగ్గా అడ్డంగా నిలబడ్డాడు. అదైనా ఒద్దికగా నిలబడ్డాడా? చేతులు నడుముకి ఆనించి, మోచేతులు బయటికి చాపి, ఎవరితోనో తగువుకి దిగినట్టు నిలబడ్డాడు. ఫోటో వెనక పదకొండు పేర్లున్నాయి, ఈయన పేరు లేదు. "నిలబడ్డానికి నీకు ఇంకెక్కడా చోటు దొరకలేదా నాయనా" అని వకుళ ఆయన్ని నెలరోజులు తిట్టుకుంది. చివరికి కుడిరెక్క ఎలా ఉందో ఎడమరెక్కనీ అచ్చంగా అలాగే చేసేసింది. డ్రాయింగులో ఎలాగూ రెండూ ఒకటే.

ఇదంతా అయి పన్నెండు రోజులైంది. రోజూ పొద్దున్నే రాజుగారు వచ్చి, విమానం చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, "బావుందమ్మా. మూత వెయ్యకు" అనేవారు. వకుళ ఇంకో నాలుగు మీటర్లు గీసేది. "బావుంది. మూత వెయ్యకు." సీటుకి తోలు దిండు కుట్టేది. "చాలా బావుంది. మూత వెయ్యకు." ఇంతలో ప్రదర్శనకి పెట్టెలు తీసుకెళ్ళే వ్యాను మర్నాడు మధ్యాహ్నం వస్తుందని కబురొచ్చింది. అది తప్పితే మళ్ళీ ఏడాది దాకా ఆ మాటే లేదు. వకుళకి ఏడుపొక్కటే తక్కువ. అందుకే అలా ఉండబట్టలేక అడిగేసింది.

రాజుగారు చింతగింజల ముద్ద కలుపుతూ తలెత్తలేదు. "దానికి దుమ్ము పడకుండా కవరు లేదు కదూ. బెజవాడ వన్‌టౌన్‌లో బాజీ అని దర్జీ ఉన్నాడు, ఎనభై దాటినాయన. విమానం తీసుకెళ్ళి, కొలత ఇచ్చి కుట్టించుకురా" అన్నారు.

"కొలతలు కాయితం మీద రాసుకెళితే సరిపోదాండీ?"

"బాజీ కాయితాలు నమ్మడమ్మా. ఒంటికొలతే."

ఏం చేస్తుంది, వకుళ అట్టపెట్టెలో విమానాన్ని పెట్టుకుని, పసిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని బస్సెక్కింది. కండక్టరు పెట్టెలోకి తొంగిచూసి, "టికెట్టు విమానానికి కొట్టాలా, మీకు కొట్టాలా మేడమ్? సొంత విమానం ఉండి బస్సెందుకండీ మీకు?" అన్నాడు. బస్సంతా గొల్లుమంది. నవ్వే ఓపిక వకుళకి లేకపోయింది. రేపటి వ్యాను తప్ప ఆవిడ బుర్రలో ఇంకేమీ లేదు.

బాజీగారి కొట్టంటే ఓ అరుగూ, దానిమీద ఓ కుట్టుమిషనూ. సోడాబుడ్డి కళ్ళద్దాలు పెట్టుకుని, దిండు గలేబు కుడుతున్నాడాయన. వకుళ పెట్టె దించి, విమానం తీసి మిషను పక్కన పెట్టింది. ముసలాయన తలెత్తి చూశాడు. చేతిలో గలేబు జారి కింద పడింది.

"ఓసి ఓసి ఓసి! చిట్టెమ్మా!"

వకుళ బెదిరిపోయి, "చిట్టెమ్మెవరు తాతగారూ?" అంది.

"ఇదే తల్లీ! మా క్లబ్బు విమానం! దీని రెక్కలకి గుడ్డ కుట్టింది నేనే, నా ఈ చేతులే!" అంటూ ఆయన లేచొచ్చాడు. మీటర్లు చూడలేదు, తోలు దిండు చూడలేదు. చెయ్యి తిన్నగా ఎడమవైపు కింది రెక్క మీదికి పోయింది. వేళ్ళతో అటూ ఇటూ తడిమాడు. మొహం చిన్నబోయింది.

"ఇది మా చిట్టెమ్మ కాదు."

"అదేం మాటండీ! నంబరు చూడండి, తోక మీద."

"నంబరు సరే. మాసికేదీ?" అంటూ ముసలాయన చేతులు నడుముకి ఆనించి నిలబడ్డాడు.

వకుళ సంచిలోంచి ఫోటో తీసింది. ఆ బక్కమనిషి మోచేతుల్ని, ముసలాయన మోచేతుల్ని మార్చి మార్చి చూసింది. "అయ్యో రామా! ఇది మీరా?"

"నేనే! నేను కాక ఇంకెవరు!" బాజీగారు పడీపడీ నవ్వాడు. "ఆ రోజు ఎవరో పెద్దాఫీసరు చూడ్డానికొస్తున్నాడు తల్లీ. తెల్లారగట్లే ఓ మేకొచ్చి కింది రెక్క ఎక్కింది. దానికేం పని పడిందో మరి! కాలు దిగబడి గుడ్డ చిరిగింది. దిగబోతూ కొమ్ముతో మిగతాది కూడా చీరేసింది. మంచి గుడ్డ కలకత్తా నుంచి రావాలి. చూస్తే రెండు గంటల టైముంది. నా ఒంటిమీద కొత్త గళ్ళ లుంగీ ఉంది."

"కొంపదీసి విప్పేశారా?"

"అంచు కోశాను తల్లీ, మరీ విడ్డూరం కాకపోతే! అంచు కోసి, అడుగు పొడవు ముక్కతో మాసిక వేసి, మీద గుడ్డ బిగిసే మందు నాలుగు పూతలు పూశా. డప్పులా బిగిసింది. తీరా చూస్తే వెండిరంగు అయిపోయింది. గళ్ళు గళ్ళుగానే కనబడుతున్నాయి. మా మేనేజరు నెత్తి కొట్టుకుని, 'బాజీ, ఫోటో అయ్యేదాకా దీనిముందే నించో, కదిలావో నీ ఉద్యోగం గోవిందా' అన్నాడు. నించున్నా. అందరికీ దండలేశారు, కదల్లేదు. లడ్లు పంచారు తల్లీ, లడ్లు! అయినా కదల్లేదు."

"తర్వాత మార్చలేదా దాన్ని?"

"మార్చనిస్తేగా! ఆ వారంలోనే ఒక పైలట్టు మొదటిసారి ఒంటరిగా ఎగరబోతూ, భయమేసి, ఆ గళ్ళమీద చెయ్యి ఆనించి ఎక్కాడు. ఎగిరి, చుట్టూ తిరిగి, క్షేమంగా దిగాడు. ఇక ఆ తర్వాత ఒంటరిగా ఎక్కేవాడల్లా ముందు దానిమీద చెయ్యేయాల్సిందే. తొమ్మిదేళ్ళు ఎగిరింది అలాగే. గళ్ళు అరిగిపోతే మళ్ళీ నా లుంగీయే."

వకుళ మళ్ళీ ఫోటో వెనక్కి తిప్పి చూసింది. "మీ పేరెందుకు రాయలేదండీ ఇందులో?"

"ఏమని రాస్తారు? మాసికకి అడ్డం నిలబడ్డవాడనా?" అని ఆయన మళ్ళీ నవ్వాడు. నవ్వుతున్నాడే గానీ, వేళ్ళు మాత్రం ఏమీ లేని ఆ ఎడమరెక్కని ఇంకా వెతుకుతూనే ఉన్నాయి. నెలరోజులు ఈ మనిషినా తను నోటికొచ్చినట్టు తిట్టుకుంది అని వకుళకి సిగ్గేసింది.

"ఉండండి, ఇప్పుడే గళ్ళు గీసేస్తా" అని సంచిలోంచి సన్నకుంచె తీసింది.

బాజీగారు అడ్డంగా తలూపాడు. "చిరక్కుండా మాసికేంటి తల్లీ? దాన్ని సోకంటారు."

వకుళ కుంచె దించేసింది. తొమ్మిది రోజుల రెక్క! బిగించిన గుడ్డ, ఒకచోట చిల్లు పడితే ఎంతదాకా చిరుగుతుందో ఎవరికి తెలుసు? రెక్క మొత్తం వదులైపోతే మళ్ళీ కట్టడానికి తొమ్మిది రోజులు లేవు, ఉన్నది రేపు మధ్యాహ్నం దాకా. పైగా ప్రదర్శనలో జడ్జీలు డ్రాయింగు చేత్తో పట్టుకుని చూస్తారు. మీటరు ముల్లు వంకరగా ఉంటేనే ఒప్పుకోరు, గళ్ళ మాసికని ఒప్పుకుంటారా? ఆవిడ బుద్ధంతా ససేమిరా అంది. చెయ్యి మాత్రం, ఆవిణ్ణి అడక్కుండానే, మిషను మీది కత్తెర అందుకుంది.

కళ్ళు మూసుకుని కత్తెర మొన దించింది. టప్పుమంది. కళ్ళు తెరిచి చూస్తే అనుకున్నదానికంటే అర అంగుళం ఎక్కువే చిరిగింది. "అయిపోయింది, అంతా అయిపోయింది" అని కూలబడింది.

"లే లే, ఏం కాలేదు. మా మేక ఇంత పొందిగ్గా చింపలేదు" అంటూ బాజీగారు అరుగు కింద నుంచి గుడ్డపేలికల మూట లాగాడు. తన లుంగీ ముక్కొకటి తీశాడు.

వకుళ కన్నీళ్ళు తుడుచుకుంటూనే స్కేలు పెట్టి కొలిచింది. "ఈ గళ్ళు కుదరవండీ. పన్నెండోవంతు ఉండాలి."

"అమ్మో, నీ కొలతలు నీవేనా!" అని ఆయన మూటంతా కుమ్మరించి, అడుగున ఎక్కడో ఉన్న పేలిక ఒకటి పట్టుకున్నాడు. మూడు నెలల పసిపిల్ల జుబ్బా తాలూకు గుడ్డ, ఆవగింజంత గళ్ళు. వకుళ కొలిచింది. వెంట్రుకవాసి తేడా లేదు. ఏడుపు ఎటు పోయిందో గానీ నవ్వొచ్చేసింది. సూదిలోకి దారం ఆవిడ ఎక్కించింది, మాసిక ఆయన వేశాడు. గంజి పట్టించి ఎండలో పెట్టి ఇద్దరూ దానికి ఎదురుగా బిక్కుబిక్కుమంటూ కూర్చున్నారు. సగం టీ తాగేసరికి గుడ్డ సర్దుకుంది, టీ అయ్యేసరికి బిగిసింది. బాజీగారు గోటితో మీటి, "విను" అన్నాడు. డప్పే.

బయల్దేరబోతూ వకుళకి వచ్చిన పని గుర్తొచ్చింది. "అన్నట్టు, కవరు తాతగారూ?"

"కవరెందుకే తల్లీ? అప్పుడొకసారి దాచాంగా. చాలు" అని ఆయన కింద పడిన గలేబు తీసుకుని మిషను దగ్గర కూర్చున్నాడు.

తిరుగు బస్సులో వకుళ ఫోటో వెనక పన్నెండో పేరు రాసింది. "షేక్ బాజీ, రెక్కల దర్జీ." ఆ పని బాగానే ఉంది గానీ, కొండపల్లి దగ్గరపడే కొద్దీ పెట్టెలోకి తొంగి తొంగి మాసికని చూసుకుంది. పొద్దుగుంకే వేళకి పాక చేరి, విమానాన్ని గురువుగారి ముందు పెట్టి, నేల చూపులు చూస్తూ నిలబడింది.

"కవరేదీ?" అన్నారు రాజుగారు.

"కుట్టనన్నారండీ." ఇక దాచి లాభం లేదని జరిగిందంతా గడగడా చెప్పేసింది. "చేజేతులా చింపుకొచ్చానండీ. డ్రాయింగులో ఇది లేదు. జడ్జీలు తప్పు పడతారేమో. అయినా నాకు ఇది ఇలాగే ఉండాలనిపిస్తోందండీ. పోనీ, వచ్చే ఏడే పంపుదాం."

రాజుగారు చేతికంటిన ముద్ద పంచెకి తుడుచుకున్నారు. ఒంగి, ఆ గళ్ళమీద ఒక్క వేలు ఆనించి, కాసేపు అలాగే ఉంచారు.

"డ్రాయింగులో విమానాన్ని ఏ మేకా తొక్కలేదు, నిజమేనమ్మా" అన్నారు. "అది ఎగరనూ లేదు. పెట్టెకి మూత వెయ్యి."