ఊ కొట్టే తల్లి

ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పే అలవాటు శేషారత్నం గారికి లేదు. గుంటూరులో మిరపకాయల గోదాముల వెనకున్న పేటలో ఆవిడ ఒక చిన్న బడి నడిపేవారు. మాట సరిగా రానివాళ్లు, చదువు ఆలస్యంగా అబ్బేవాళ్లు, మామూలు బడుల్లో ఇమడలేకపోయిన కూలివాళ్ల పిల్లలు అక్కడికి వచ్చేవారు. బడిలోనే ఒక గదిని గ్రంథాలయం చేసి, శనివారం వచ్చిందంటే ప్రతి పిల్లకూ ఒక బొమ్మల పుస్తకం ఇచ్చి ఇంటికి పంపేవారు. ఆవిడ దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చిన వైదేహికి ఈ పద్ధతి మింగుడుపడలేదు.

“రూతుకు పదేళ్లొచ్చాయి. అక్షరాల సంగతి అటుంచండి, అమ్మా అనే మాటే రాదు. పుస్తకం తలకిందులుగా పట్టుకుంటుంది. ఉన్నవే కాసిని పుస్తకాలు, అవీ కారం మరకలతో తిరిగొస్తున్నాయి. చదవలేని పిల్లకు పుస్తకం ఎందుకండీ?” అని ఒక శనివారం అడిగింది. అడగడానికి ముందే, ఆ పూట రూతును ఉత్త చేతులతో పంపించేసింది కూడా. పిల్ల ఏడవలేదు. గుమ్మం దగ్గర కాసేపు నిలబడి వెళ్లిపోయింది.

శేషారత్నం గారు వాదించలేదు. “సాయంత్రం ఒకసారి వాళ్లింటికి వెళ్లిరా,” అన్నారు.

వైదేహి వెళ్లేసరికి రూతు తల్లి మార్తమ్మ అప్పుడే పని నుంచి వచ్చింది. పొద్దుటినుంచీ మిరపకాయల తొడిమలు తీసిన చేతులు భగ్గుమంటుంటే, వాటిని బకెట్టు నీళ్లలో ముంచుకుని కూర్చుంది. టీచరును చూసి గాబరాగా లేచింది.

“మా పిల్ల ఏం తప్పు చేసిందండీ? ఇయ్యాల పుస్తకం ఇయ్యలేదేందండీ?”

ఇంతలో రూతు వచ్చి తల్లికి ఎదురుగా చతికిలబడింది. రెండు అరచేతులూ పక్కపక్కన చేర్చి, పుస్తకం తెరిచినట్టు ఒళ్లో పెట్టుకుంది. వాటిలోకి వంగి చూస్తూ మొదలుపెట్టింది. అవి మాటలు కావు. లేస్తూ, పడుతూ సాగే వట్టి ధ్వనులు. ఒకచోట తనలో తను నవ్వుకుంది. ఒకచోట గొంతు తగ్గించి, భయపడుతున్నట్టు తల్లి ముఖంలోకి చూసింది. తల్లి “ఊఁ” అంది. పిల్ల మళ్లీ అందుకుంది.

“ఏం చెబుతుందో మీకు తెలుస్తుందా అండీ? చదువుకున్నోళ్లు గదా,” మార్తమ్మ ఆశగా అడిగింది.

“లేదమ్మా.”

“నాకూ తెలవదు.” మార్తమ్మ పిల్లమీంచి చూపు తిప్పలేదు. “ఉత్తప్పుడు నోరు తెరవదండీ. పుస్తకాలు తేవటం మొదలుపెట్టిన కాడ్నుంచే ఇట్టా చెబుతుంది. ఎప్పటికన్నా ఇందులో ‘అమ్మా’ అని వస్తదేమోనని ఊ కొడతా కూర్చుంటా. ఎంత నిద్రొచ్చినా లేవను. నేను లేచినప్పుడే ఆ మాట వచ్చి పోద్దేమోనని భయం.”

అంతలో రూతు ఆగిపోయింది. తిప్పడానికి పేజీ లేదు. ఒక అరచేతిని పైకెత్తి, మళ్లీ అక్కడే పెట్టి, ఏం చెయ్యాలో తోచక తల్లివైపు చూసింది. మార్తమ్మ “ఊఁ” అంది. పిల్ల కదల్లేదు. మరోసారి ఇంకాస్త మెల్లగా “ఊఁ” అంది. రూతు చేతులు రెండూ మూసేసుకుంది.

వైదేహి బడికి తిరిగొచ్చేటప్పటికి వీధిలో దీపాలు వెలుగుతున్నాయి. శేషారత్నం గారు గ్రంథాలయం గదిలోనే ఉన్నారు. వైదేహి ఆవిడ ముఖం చూడలేక నేరుగా బీరువా దగ్గరికి వెళ్లి, ఎక్కువ పేజీలున్న పుస్తకం కోసం వెతికింది. దొరికినదాన్ని గుండెకు హత్తుకుని గుమ్మందాకా వెళ్లి, ఆగింది.

“ఆ మాట ఎప్పటికైనా వస్తుందంటారా?”

“ఏమోనమ్మా,” అన్నారు శేషారత్నం గారు. “ఈ రాత్రే రావచ్చు. వాళ్లు పడుకోకముందే వెళ్లు.”