గానుగెద్దు కైలాస యాత్ర

గాండ్ల సూరయ్య గానుగ తిప్పే ఎద్దు పేరు సోమడు. పన్నెండేళ్ళుగా తెల్లారితే చాలు, కళ్ళకు గంతలు, మెడమీద కాడి, ఆపైన గానుగ చుట్టూ కుడివైపుకు తిరుగుడే. వేళకింత తెలకపిండి పెట్టేవాడు సూరయ్య, తిండికి లోటు లేదు. అయినా సోమడికి ఒకటే బెంగ. ఇన్నేళ్ళు నడిచాను, చేరింది ఎక్కడికి? అసలెందుకు పుట్టినట్టు? పెరట్లో మేక సీతాలును అడిగితే, కడుపు నిండినవాళ్ళకే ఇలాంటి దిగుళ్ళని తీసిపారేసింది.

ఈ సంగతి నక్క జిత్తయ్య చెవిన పడింది. ఇంకేముంది, పొయ్యిలో బూడిద ఒళ్ళంతా పూసుకుని స్వామి అయిపోయాడు. కార్తీక సోమవారం పొద్దు పొడుస్తూనే దొడ్లోకి వచ్చి, శివయ్య కొండవతల దిగాడనీ, నంది ముసలివాడయ్యాడనీ, కొత్త వాహనం కోసం వెతుకుతున్నాడనీ ఊదరగొట్టాడు. వినేవాడు వెర్రివాడైతే చెప్పేవాడు వేదాంతి అని ఊరికే అన్నారా? కొండవతల ఉన్నది శివయ్య కాదు, రెండు తోడేళ్ళు. ఎద్దును తోలుకొస్తే ఒక తొడ జిత్తయ్యకని ఒప్పందం.

సోమడి గుండె ఉప్పొంగిపోయింది. "నిజంగా నన్నే రమ్మన్నాడా స్వామీ?"

"నిన్నే నాయనా. కానీ ఆ వెలుగు ఎదురుగా చూస్తే కళ్ళు పోతాయి. గంతలు వెంట తెచ్చుకో."

తోడేళ్ళను చూస్తే ఎద్దు పరుగు లంకించుకుంటుందని ఆయనగారి భయం. సీతాలుకు మాత్రం బూడిద కింద నక్క కంపు తెలిసిపోయింది. వద్దని మొత్తుకుంది. సోమడు వింటేనా! తోక ఎత్తుకుని బయలుదేరాడు. చేసేది లేక అదీ వెనకాలే నడిచింది.

కొండ మలుపు దగ్గర జిత్తయ్య ఎద్దు కళ్ళకు గంతలు కట్టాడు. పలుపు కొస నోట కరుచుకుంటే ప్రవచనం ఆగిపోతుంది కదా, అందుకని దాన్ని నడుముకు బిగించి ముడేసుకున్నాడు. తెలివంటే తెలివి!

గంతలు పడగానే సోమడి కాళ్ళు వాటి పని అవి మొదలుపెట్టాయి. కుడివైపుకు తిరిగాయి. జిత్తయ్య ఇటు లాగాడు, అటు లాగాడు, చివరికి పక్కనున్న తాటిమొద్దును కావలించుకుని ఆపబోయాడు. ఎద్దు ముందు నక్క ఎంత? సోమడు శివా శివా అనుకుంటూ మొద్దు చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు. చుట్టుకో వరస చొప్పున తాడు జిత్తయ్యను మొద్దుకు బిగించేసింది.

"ఇంకెంత దూరం స్వామీ?" అన్నాడు సోమడు ఆనందంగా.

జిత్తయ్యకు ఊపిరాడలేదు. "శివుడూ లేడు, గివుడూ లేడు! తోడేళ్ళకు నిన్ను అమ్మేశాను, ఆగరా బాబూ!"

సీతాలు గబగబా మెడ దగ్గర పలుపు కొరికి, గంతలు లాగేసింది. సోమడు నిలువునా నీరయ్యాడు. దేవుడు పిలిచాడని వస్తే ఇదా! ఇంక ఏ ముఖం పెట్టుకుని గానుగకు పోయేదన్నాడు.

సీతాలుకు ఒళ్ళు మండింది. "అక్కడ గానుగ దగ్గర శివాలయం పూజారి నూనె కోసం ఖాళీ చెంబుతో కూర్చుని ఉంటాడు అన్నయ్యా. నువ్వు తిరిగితేనే నూనె, నూనె ఉంటేనే శివుడికి దీపం. పన్నెండేళ్ళుగా ఆ గుళ్ళో వెలిగేది నీ నడకే. గంతల్లో నీకు కనబడలేదు, అంతే."

సోమడు నోరెళ్ళబెట్టాడు. మరుక్షణం చూడాలి, లేగదూడకన్నా హుషారుగా ఊరివైపు పరుగే పరుగు. వెనక జిత్తయ్య కేకలకు తోడేళ్ళు వచ్చాయి. ఎద్దు లేదు, కట్టేసిన నక్క ఉంది. తొడ పంచుకునే బాధ వాటికి తప్పింది.

ఇక్కడ సోమడు తనంతట తానే కాడికి మెడ వంచి, గంతలు కట్టమని సూరయ్య ముందు తల చాపాడు. మొదటి చుట్టు తిరుగుతూ సీతాలును పిలిచి చెప్పాడు. "లెంపలేసుకుంటున్నానమ్మా. ఇన్నాళ్ళూ ఇది తిరుగుడనుకున్నాను. ప్రదక్షిణం!"

నీతి: చేసే పని దేవుడికి అర్పించినవాడికి గానుగ చుట్టే కైలాసం.