సముద్రం లాగడం నేర్చుకుంది

ఒకప్పుడు సముద్రానికి తోయడం ఒక్కటే వచ్చు. లాగడం రాదు. అల ఒడ్డుకు వచ్చి, ఎదురైనదాన్ని తోసి, అక్కడే ఇసుకలో ఇంకిపోయేది. దాని వెనుక మరో అల వచ్చేది.

ఒకనాడు పొద్దున్నే ఒడ్డున ఇసుక కదిలింది. గుడ్లు పగిలి తాబేలు పిల్లలు బయటికొచ్చాయి. బుడిబుడిగా నీళ్ళ వైపు నడిచాయి. అల వచ్చి వాటిని వెనక్కి తోసింది. మళ్ళీ నడిచాయి. మళ్ళీ తోసింది. ఈలోగా కాకులు చేరాయి.

పోలమ్మ, ఆమె భర్త నూకయ్య అక్కడే వల ఆరేస్తున్నారు. పోలమ్మ పరుగున వచ్చి కాకుల్ని అదిలించింది. ఒక పిల్లను ఎత్తి నీళ్ళలో వదిలింది. అల దాన్ని తిరిగి ఆమె కాళ్ళ దగ్గరికే తోసేసింది.

"గంగమ్మ తల్లీ! పసివాటిని రానివ్వవేం?" అని అడిగింది పోలమ్మ.

"రమ్మనే కదమ్మా ఎదురొస్తున్నాను!" అంది సముద్రం దిగులుగా. "నేను ముట్టుకుంటే చాలు, దూరం పోతున్నాయి."

"తోస్తే దూరమే పోతాయి. లాగితే దగ్గరికొస్తాయి."

"లాగడమంటే?"

నూకయ్య వల తాడు ఒక కొస పట్టుకుని నీళ్ళలో నిలబడ్డాడు. పోలమ్మ రెండో కొస పట్టుకుని తన వైపు లాగింది. నూకయ్య తూలుకుంటూ ఆమె దగ్గరికొచ్చాడు.

సముద్రం చూసింది. అల వచ్చింది. ఈసారి ఇంకిపోలేదు. ఇసుకను గీరుకుంటూ వెనక్కి మళ్ళింది. దాంతోపాటు తాబేలు పిల్లలన్నీ జర్రున నీళ్ళలోకి జారిపోయాయి.

సముద్రానికి సంబరం ఆగలేదు. లాగుతూనే ఉంది. గవ్వల్ని లాగింది. వలను లాగింది. వల పోకుండా పట్టుకున్న నూకయ్యనూ లాగేసింది. అతని తల మునుగుతూ, తేలుతూ దూరమైపోయింది.

"పోలీ!" అని అరిచాడు.

పోలమ్మ నడుంలోతు నీళ్ళలోకి దూకింది. "తోయి తల్లీ! ఇప్పుడు తోయి!"

సముద్రం ఉలిక్కిపడింది. పెద్ద అల లేచి నూకయ్యను ఒడ్డున పడేసింది. అతను ఉప్పునీళ్ళు కక్కాడు. పోలమ్మ అతని చెయ్యి పట్టుకుని వదల్లేదు.

"ఎప్పుడు తోయాలో, ఎప్పుడు లాగాలో నాకు తెలియడం లేదమ్మా," అంది సముద్రం. "భయంగా ఉంది. ఇకనుంచి ఒకసారి తోస్తాను, వెంటనే ఒకసారి లాగుతాను. ఏదీ ఎక్కువసేపు చెయ్యను."

"అలాగే చెయ్యి," అంది పోలమ్మ.

అప్పటినుంచే అల వస్తూ తోస్తుంది, వెళ్తూ లాగుతుంది. పెద్దవాళ్ళ చెయ్యి పట్టుకుని నీళ్ళ అంచున నిలబడి చూడండి. మీ కాళ్ళ కింద ఇసుక మెల్లగా జారిపోతుంది.