నివురు కప్పిన మూత

వాగు ఎండిపోయిన ఏడాది. షికారుకొచ్చిన మనుషులు ఒడ్డున ఒక ఇనుప కుండ మరిచిపోయి వెళ్లారు. మూడు కాళ్లు, బరువైన మూత. కలిసి వండుకుందామని అడవి జంతువులు ఎవరింట్లో మిగిలిన ఆఖరి కూర వాళ్లు పట్టుకొచ్చారు. ఎద్దు గుమ్మడికాయ తెచ్చింది, కుందేలు ముల్లంగి, అడవిపంది కంద. నక్క ఉపన్యాసం తెచ్చింది.

"సోదరులారా! మన ఆకలి నివురుగప్పిన నిప్పు! ఈ కుండ అందరిదీ!" అంది బండరాయెక్కి.

"నీ దుంపేది బావా?" అంది అడవిపంది.

"దుంపలు ఎవరైనా తెస్తారొదినా. జనానికి దిశ చూపేదెవరు?"

మాటలు కోటలు దాటుతాయి, కాలు గడప దాటదు. అడవిపంది కూరలన్నీ కుండలో సర్దింది. బొగ్గుల బట్టీ నుంచి తెచ్చిన నిప్పులు కుండ కింద కొన్ని పరిచి, మూత మీద కొన్ని పోసింది. నక్క మాత్రం పొగ సోకని చోట, కుండకు వీపు పెట్టి నిలబడి గొంతు సవరించుకుంటోంది.

"ఉడికేదాకా ఊరికే కూర్చుంటారా? ఊరేగింపు తీయండి! గుట్ట చుట్టి రండి. నా కేక వినబడగానే 'వర్ధిల్లాలి' అనండి. కుండకు కాపలా నేనుంటా. త్యాగాలు నాకు అలవాటే."

కుందేలు చెవులు వాల్చింది. "అక్కా, పిల్లలు నిన్నటి నుంచి పస్తు. ఇదీ పోతే..."

"పోదులేవే, నడు," అంటూ అడవిపంది మూత మీది నిప్పులపై బూడిద చల్లింది.

"అదెందుకు?" అంది కుందేలు మెల్లగా.

"నిప్పు నిలవడానికి. కంటికి కనబడదు, చల్లారదు."

ఊరేగింపు కదిలింది. నక్క అప్పుడు వచ్చి మూత వంక చూసింది. అంతా బూడిదే.

"నిప్పు కూడా కాపాడుకోలేని ఈ జనం ఎప్పటికి బాగుపడతారు!" అని జనం తరఫున బాధపడి, జనం తరఫున తినడానికి ముందరి కాళ్లు రెండింటితో మూతను కావలించుకుంది.

"కాలిందిరో!"

గుట్ట అవతలి నుంచి జవాబొచ్చింది: "వర్ధిల్లాలి!"

"చచ్చానురో నాయనోయ్!"

"వర్ధిల్లాలి! వర్ధిల్లాలి!"

ఎంత క్రమశిక్షణ! నేర్పింది తనే మరి.

వాళ్లు తిరిగొచ్చేసరికి నక్క వాగులో తవ్విన చెలమలోని తడి ఇసుకలో కాళ్లు దూర్చుకుని మూలుగుతోంది. ఎద్దు మూత చెవిలో కొమ్ము దూర్చి పైకి లేపింది. గుప్పున ఆవిరి. కంద వెన్నలా ఉడికింది. ముందు కుందేలు పిల్లలు తిన్నాయి. తరువాత అందరూ.

"నా వాటా?" అంది నక్క.

"తెచ్చిన కూరలు మేం తింటున్నాం. నువ్వు తెచ్చింది దిశేగా బావా?" అంది అడవిపంది మూతి తుడుచుకుంటూ. "ఎవరూ ముట్టలేదు. పట్టుకెళ్లు."

నీతి: నిప్పు గురించి గొంతు చించుకునేవాడికి జేజేలు కొట్టే ముందు, వాడి చేతులకు మసి ఉందో లేదో చూడండి.