ఒక్క మనిషికి మూడు ముద్రలు

చెప్పండి, మీరేం చూశారు? ఉప్పుమడిలో నిలబడి సముద్రంతో మాట్లాడే ఎర్రయ్యను చూసి పిచ్చోడనేశారు, అంతేగా!

ఆస్థాన వైద్యుడు భైరవభట్టు ఆ మాత్రం కూడా చూడలేదు. ఆయన తాళపత్రాల్లో ఉన్మాదాలు పదహారు. తలెత్తకుండా ఒకదాన్ని ఏరి, పత్రం మీద రాసి ముద్ర వేసి ఇచ్చేవాడు. ముద్ర పడినవాడికి పౌర్ణమినాడు సంకెళ్లు. ఎర్రయ్యకు ‘ప్రలాపోన్మాదం’ అని పడింది.

అక్క పోలమ్మ ఏడుస్తూ కూర్చోలేదు. మర్నాడు తమ్ముడికి తలగుడ్డ మార్చి, వేరే పేరు చెప్పి మళ్లీ తీసుకెళ్లింది. ఆ రోజు అతను నోరు విప్పలేదు. ‘మౌనోన్మాదం’ అన్నాడు భట్టు. మూడోనాడు ఇంకో పేరు. ఎర్రయ్య వెక్కివెక్కి ఏడ్చాడు. ‘శోకోన్మాదం!’

పౌర్ణమినాడు పోలమ్మ రాజు ముందు మూడు పత్రాలూ పరిచింది.

"మహారాజా, అయ్యగారు ముగ్గురికి సంకెళ్లు వేయమన్నారు. నాకున్నది ఒక్క తమ్ముడు. మిగతా ఇద్దర్నీ ఎక్కణ్ణుంచి తెచ్చేది?"

"మోసం! పేర్లు మార్చింది!" అని భట్టు అరిచాడు.

"పేరు మారిస్తే జబ్బు మారిపోద్దా అయ్యగారూ? ఒక్కసారి మొహం చూసుంటే రెండోనాడే నన్ను పట్టుకుందురుగా!"

సభ గొల్లుమంది. రాజు సంకెళ్లు రద్దుచేసి, మళ్లీ పరీక్షించమన్నాడు. భట్టు మొదటిసారి ఎర్రయ్య ఎదుట కూర్చున్నాడు.

"ఎప్పట్నించి నాయనా ఇలా?"

"తుపానులో నా కూతురు కొట్టుకుపోయిన కాణ్ణుంచి, అయ్యా."

భట్టు ఘంటం కింద పెట్టేశాడు. పోలమ్మ తమ్ముడి చెయ్యి పట్టుకుని రాచవీధి నడిమధ్యన తలెత్తుకు నడిచింది.

ఆ ఒక్క ప్రశ్న అడగడానికి వైద్యుడికి నిండుసభలో పరువు పోవాల్సొచ్చింది. మీరు అడగడానికి ఏం పోవాలి?