పులుపు లేని మూకుడు

మస్తానమ్మకు ఎన్ని మాత్రలిచ్చినా రక్తం ఎందుకు పట్టడం లేదో యాసీన్‌కు అంతుబట్టలేదు. అంతుబట్టకపోయేసరికి తప్పు ఆమె మీదికే నెట్టాడు.

దర్గా పక్కన ఉచిత వైద్యశాల నడిపే నూరుల్లా హజ్రత్ దగ్గర శిష్యరికం చేస్తున్న కుర్ర డాక్టరు యాసీన్. మస్తానమ్మ మిర్చి యార్డులో తొడిమలు తీసే కూలీ. నాలుగడుగులు వేస్తే ఆయాసం. కళ్ళు తెల్లగా పాలిపోయాయి. నెలల తరబడి ఇనుము మాత్రలు వాడినా పరీక్షలో రక్తం పెరగలేదు.

"పారేస్తున్నావు కదూ?" అని వరండాలో అందరి ముందూ నిలదీశాడు. ఆనాటి నుంచి తన ఎదుటే మింగించి, నోరు తెరిపించి, నాలుక చాపించి చూశాకే పంపేవాడు. వరసలో వాళ్ళు నవ్వేవాళ్ళు.

అయినా పెరగలేదు.

"ఇంటికెళ్ళి కక్కేస్తోంది హజ్రత్. ఇట్లాంటివాళ్ళకి ఎంత చేసినా ఇంతే."

హజ్రత్ ముఖం కందగడ్డలా అయింది. "నడు, వంటింట్లోకి."

రెండు ఇనుప మూకుళ్ళు పొయ్యి మీద పెట్టి నీళ్ళు పోశాడు. ఒకదాంట్లో గుప్పెడు చింతపండు పిసికాడు. బాగా మరిగించి, చల్లార్చి, గరిటె చేతికిచ్చాడు. "తాగు."

చింతపండు నీళ్ళు నల్లబడ్డాయి. నాలుకంతా ఇనుము రుచి. రెండో మూకుట్లోవి ఉత్త నీళ్ళు.

"రెండూ ఇనుమే కదా. ఇందులో దిగింది, అందులో దిగలేదేం?"

"అందులో పులుపు లేదు హజ్రత్."

"మస్తానమ్మ ఇంకేం మింగుతోంది?"

"గుండెల్లో మంటకి మాత్ర. రోజూ పరగడుపున. కడుపులో పులుపు ఊరకుండా..."

"ఎవడు రాశాడు?"

"నేనే. ఆరు వారాలకని."

"ఎన్నేళ్ళయింది?"

"మూడు."

"మంట ఇంకా ఉందామ్మా అని ఒక్కసారి అడిగావా?"

యాసీన్ తల దించుకుని, "ఆ మాత్ర సంగతి ఇవాళే చూస్తాను హజ్రత్," అని గొణిగాడు.

"చూద్దువుగాని. నువ్వు తిట్టింది వరండాలో. వంటింట్లో తల దించుకుంటే ఏం లాభం? పో."

యాసీన్ బయటికొచ్చాడు. వరస పొడుగ్గా ఉంది. గోడకు ఆనుకుని కూర్చున్న మస్తానమ్మ అతన్ని చూడగానే గోడ పట్టుకుని లేచింది. అతను నోరు విప్పేలోపే, కళ్ళు మూసుకుని, నోరు తెరిచి నాలుక చాపింది.