గాదెయ్య నోరు కట్టుకున్న వైనం

వాగుకు అవతల ఎర్రనేలలో ఒక వేరుశనగ చేను ఉండేది. చేనంటే పైన కనిపించే పచ్చదనమే అనుకుంటాం మనం. జానెడు లోతున ఇంకో ఊరుంటుంది. ఆ ఊరికి దీపాల్లేవు, దారుల్లేవు. ఎవరి పొట్ట ఎంతో తడిమి తెలుసుకోవాల్సిందే.

ఆ ఊళ్లో అందరికంటే పెద్ద పొట్ట గాదెయ్యది. గాదెయ్య వేరుపురుగు. తెల్లటి ఒళ్లు, గోధుమరంగు తల, చిటికెనవేలంత లావు. ఎప్పుడూ కొడవలిలా వంకర తిరిగి పడుకునే ఉండేవాడు. లేచి వెతుక్కోవాల్సిన ఖర్మ ఏముంది, మూతి ముందరే వేరు! ఒక మొక్క వేరు కొరికి, పైన అది వాడిపోయి తలవాల్చేసరికి పక్కమొక్క కిందికి జరిగేవాడు. పైన రైతు మాత్రం వాన చాల్లేదని ఆకాశాన్ని తిట్టుకునేవాడు.

గాదెయ్య పొరుగున ఎర్రవ్వ అనే వానపాము కాపురం. రాలిన ఆకులు తిని, మట్టిని మెత్తగా చేసి బతికే ముసలిది. నోట్లో పళ్లు లేవు గానీ మాటలకు కొదవ లేదు.

"ఒరే గాదెయ్యా, మొక్క బతికితే గదరా ఆకు రాలేది. ఈ సాలంతా ఎండబెట్టినావు. నేనేం తిని బతకాల?" అని మొత్తుకునేది.

"మట్టి తిను అవ్వా. నీకు అలవాటే గదా" అని గాదెయ్య ఇంకో వేరు కొరికేవాడు.

గోడకు చెప్పుకున్నా కాస్త పెచ్చు రాలేదేమో గానీ, గాదెయ్యకు చెప్తే ఏమీ రాలేది కాదు.

ఇలా ఉండగా, చేని గట్టున వేసిన సజ్జ మీద ఒక ఈగ వచ్చి వాలింది. మన అన్నం మీద ముసిరే ఈగ కాదది. ఎగిరే పురుగును ఎగురుతుండగానే పట్టే రకం. అందుకే తోటి పురుగులన్నీ దాన్ని గద్దీగమ్మ అని పిలిచేవి. అది గాలివాటం చూసుకుని, అన్నిటికంటే పొడుగు దంటును ఎంచుకుని గుడ్లు పెట్టింది.

పక్క ఆకు మీది మిడత పకపకా నవ్వింది. "ఏమ్మా, నీ బిడ్డలు తినేది నేల కింద వేరుపురుగును. నువ్వేమో మిద్దె మీద కంటాండావు. దోవ తప్పినావా?"

"కింద పెడితే అందరూ ఒక్కచోటే పడి కొట్టుకు చస్తారక్కా. ఈడ నుంచి అయితే గాలి ఒక్కొక్కరిని ఒక్కో చోట దించుతుంది. నేల చూపించేదాకా నా పని. ఇల్లు ఎతుక్కునేది వాళ్ల పని."

"కండ్లు లేవు, కాళ్లు లేవు, ఎట్లా ఎతుకుతారు?"

"వాసన తెలుసు గదా, చాలు" అని గద్దీగమ్మ గుడ్ల మీదికి వంగింది. "బిడ్డలారా, రెండే మాటలు. వేరుపురుగు పొట్టలో వేరు పులిసిన వాసన పట్టుకుని పోండి. ఒకరు దిగిన ఇంట్లో ఇంకొకరు దిగొద్దండి. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు." అంతే, ఎగిరిపోయింది. మళ్లీ రాలేదు.

గుడ్లు పగిలాయి. గాలి వీచింది. కొన్ని పిల్లలు బండ మీద పడి మాడిపోయాయి, కొన్ని చీమల నోట పడ్డాయి, కొన్ని ఎర్రమట్టి నెర్రెల్లో దూరాయి. అలా దూరినవాటిలో ఒకటి మరీ చిన్నది. దాని పేరు నలుసు. కంట్లో పడితే తప్ప ఉన్నట్టు తెలియదు. పుట్టుకతో తెచ్చుకున్న ఇంత కొవ్వే దానికి దారిబత్తెం. అది అయిపోయేలోగా ఇల్లు దొరకాలి, లేకపోతే మట్టిలో మట్టి.

దానికంటే ముందే దాని అక్క ఒకతి నేలలోకి దిగి, గాదెయ్య మేనబావ కుండయ్యను పట్టుకుంది. ఆ కబురు ఎర్రవ్వే మోసుకొచ్చింది.

"ఒరే, మీ బావ కుండయ్యకు కూడు సయించడం లేదంటరా. సూదిమొనంత పురుగు ఒంటికి అతుక్కుని రసం తాగుతా ఉంది. నిన్న దాని చెల్లెలొకతి వచ్చి, మూతి ఆనించి చూసి, 'ఇంట్లో మనుషులుండారు' అని తిరిగిపోయిందంట. ఎంత మర్యాదరా వాటికి!"

ఎర్రవ్వ మెచ్చుకోలుగానే అంది. గాదెయ్య చెవికి మాత్రం అది వేరేలా వినిపించింది. కొరుకుతున్న వేరు వదిలేసి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నడిచి పక్కసాలుకు పోయాడు.

"ఎవురు?" అన్నాడు కుండయ్య నీరసంగా.

"నేను బావా, గాదెయ్యను. కష్టంలో ఉండావని తెలిసి ప్రాణం ఒప్పలేదు. ఒక్కసారి కావలించుకుంటా."

కుండయ్య దగ్గరికి జరిగాడు. "నీకింత ప్రేముందని ఇన్నాళ్లూ తెల్దు కదరా!"

గాదెయ్య బావను గట్టిగా కావలించుకున్నాడు. ముందు కుడివైపు, తర్వాత ఎడమవైపు, తర్వాత వీపు. కుండయ్య ఒంటి మీది ఆ పురుగు వాసనంతా తన ఒంటికి పూసుకునేదాకా వదల్లేదు. పాపం కుండయ్య, ఆ కావలింతను చచ్చేదాకా ప్రేమే అనుకున్నాడు.

ఇంటికొచ్చి గాదెయ్య తనకు తనే చెప్పుకున్నాడు: "బావ ఏమీ తినడం లేదు. కాబట్టి నేనూ తినకూడదు. ఆ పురుగు చెల్లెలు ఎవతన్నా వచ్చిపోయేదాకా నోరు కట్టుకుంటే చాలు." తెలివి తక్కువేం లేదు వాడికి. ఆ మాట నిలబెట్టుకుని ఉంటే ఈ కథే ఉండేది కాదు.

నలుసు వస్తోంది. కళ్లు లేని ఒళ్లు, కాళ్లు లేని నడక. మట్టిరేణువులు దానికి బండరాళ్లు. మధ్యలో ఒక పేడపురుగు పిల్ల తగిలింది. చూడ్డానికి గాదెయ్యకు తమ్ముడిలా ఉంటుంది, అదే తెలుపు, అదే వంకర. నలుసు ఒకసారి మూతి ఆనించి, "మా ఇల్లు ఇది కాదు" అని పక్కకు తప్పుకుంది. ఆకలితో ఉన్నవాడికి దొరికిందల్లా ఇల్లే అనిపిస్తుంది. దానికి అనిపించలేదు. నాకైతే అక్కడే దాని మీద గౌరవం పుట్టింది.

తర్వాత కుండయ్య తగిలాడు. "అక్కా, నువ్వుండావా?"

"ఉండా చెల్లీ. ముందుకు పో."

నలుసు క్షణం ఆగింది. అక్క వాసన ఉంది. దాని కింద ఉండాల్సిన పులుపు మాత్రం లేదు. అంబలికుండ కడిగి బోర్లించినట్టు ఉంది కుండయ్య పొట్ట. అది గుర్తుపెట్టుకుని కదిలింది.

ఎర్రవ్వ దానికి దారిలో ఎదురై, ఇంత చిన్నదా అని ముక్కున వేలేసుకున్నంత పని చేసి, వేలు లేదు కాబట్టి ఊరుకుని, వెంట నడిచింది. ఇద్దరూ గాదెయ్య ఇంటికి చేరారు.

"పెద్దాయనా, ఇంట్లో ఎవరన్నా దిగినారా?" అంది నలుసు.

గాదెయ్య గొంతు సన్నం చేశాడు. "దిగినారు తల్లీ, నిన్ననే. నాలుగు దినాల్లో పోయేటోణ్ని. నన్ను విసిగించొద్దు, పో."

నలుసు మూతి ఆనించింది. నిజమే, ఇంట్లో మనిషి వాసన. వెనక్కి తిరిగింది.

ఎర్రవ్వ ఉండబట్టలేకపోయింది. "ఏమే పిచ్చిదానా, కదల్లేకుండా ఉండావు. ఈ చీకట్లో ఎవురు చూసొచ్చినారు? దూరిపో!"

"ఇద్దరం దూరితే ఇద్దరమూ బతకం అవ్వా. ముందొచ్చినదాన్ని చంపి నేను బతుకుతానని నమ్మకమేముంది? ఉన్నా నాకొద్దు."

చావు ముంగిట నిలబడి అంత మాట అనగలిగిన పెద్దమనుషులు మన ఊళ్లో ఎంతమందో లెక్కపెట్టండి. చేతి వేళ్లు మిగిలిపోతాయి.

నలుసు జానెడు దూరం పాకి ఆగిపోయింది. ఇంక శక్తి లేదు. ఎర్రవ్వ దాని పక్కనే చుట్టచుట్టుకుని కూర్చుంది.

అప్పుడు పైన సన్నగా వాన పడింది. వాన పడగానే వేరుశనగ మొక్క ఒక పిల్లవేరు వేసింది. తెల్లగా, లేతగా, తీయగా ఉన్న ఆ పిల్లవేరు తిన్నగా వచ్చి గాదెయ్య మూతికి తగిలింది.

"తినను" అన్నాడు గాదెయ్య. మూతితో దాన్ని ఒకసారి తడిమాడు. "అయినా ఇది తినడం కిందికి రాదు. మూతికి అడ్డం వచ్చింది, తీసి పక్కన పెడుతున్నా, అంతే." తీశాడు. పక్కన పెట్టడానికి పొట్ట తప్ప చోటు కనపడలేదు. ఆ వెనకే ఇంకో పిల్లవేరు వచ్చింది. దాన్నీ తీశాడు. ఆ తర్వాత తల్లివేరు తానే వెతుక్కున్నాడు.

వేరు తిన్న పొట్ట ఊరుకుంటుందా! లోపల కుండ కుతకుతా పులిసింది. ఒంటి మీద పూసుకున్న వాసనను తోసుకుంటూ ఆ పులుపు మట్టిలోకి పాకింది.

నలుసు తల ఎత్తింది. "అవ్వా, వస్తాంది."

"ఏం వస్తాంది?"

"వంట వాసన."

జానెడు దూరం. అది ఎలా వెనక్కి వచ్చిందో ఎర్రవ్వ తర్వాత జీవితమంతా చెప్పుకుంది. ఒళ్లు కుదించి ఒకసారి, చాచి ఒకసారి, ఆగి, మళ్లీ కుదించి. చివరికి వచ్చి గాదెయ్య పొట్టకు మూతి ఆనించింది.

"పెద్దాయనా, నాలుగు దినాల్లో పోయేటోని ఇంట్లో ఇంత వంటేంది?"

గాదెయ్య నోట్లో వేరు అలాగే ఉంది. "అదీ... ఇంటికొచ్చిన చుట్టానికి వండుతాండా తల్లీ."

"మా చుట్టం దిగిన ఇల్లు ఇప్పుడే చూసొచ్చినా. ఆ ఇంటాయన పొయ్యి చల్లారిపోయింది. నీది భగభగమంటాంది. ఈ ఇంట్లో ఎవరూ లేరు, నువ్వు తప్ప."

గాదెయ్య పారిపోదామనుకున్నాడు. పొట్ట లేవనివ్వలేదు. దులుపుకుందామనుకున్నాడు. వంకర తిరిగిన ఒంటికి వీపు అందలేదు. నలుసు అతుక్కుంది.

"నలుసంత లేవు, నన్నేం చేస్తావే?" అని అరిచాడు.

"ఎల్లకాలం నలుసుగానే ఉంటానా? నీ ఇంట్లోనే గదా పెరగబోయేది" అంది నలుసు, మొదటి గుక్క తాగి.

ఎర్రవ్వ నవ్వలేదు. పక్కవాడి చావుకు నవ్వే రకం కాదు ఆమె. కానీ ఆ ఏడాది సాలులో మిగిలిన మొక్కలు నిలిచాయి, ఆకు రాలింది, ఎర్రవ్వ కడుపు నిండింది. వానల కాలం మళ్లీ వచ్చాక ఒక గద్దీగ మట్టిని చీల్చుకుని పైకొచ్చి, తడి రెక్కలు ఆరబెట్టుకుని, గట్టు మీది సజ్జల్లో అన్నిటికంటే పొడుగు దంటు ఏదా అని చూసింది.

ఊళ్లో కొత్తగా పుట్టిన వేరుపురుగులు ఎర్రవ్వను అడుగుతుంటాయి: "అవ్వా, గాదెయ్య అంత బాగా వేషం వేసినాడు గదా, దొరికిందెట్లా?"

ఎర్రవ్వ ప్రతిసారీ ఒక్కటే చెప్తుంది: "దాక్కోవాలనుకున్నోడు ముందు నోరు కట్టుకోవాలిరా."